మా వీధిలో ఆగిన పైపు

మా అత్తమ్మ మ్యాన్‌హోల్ పక్కన పీట వేసుకుని కూర్చున్న రోజు గురించి మా వీధిలో ఇప్పటికీ రెండు రకాలుగా మాట్లాడతారు. ముసలిదానికి మతి పోయిందని కొందరంటారు. కొందరు ఆ మాటే ఎత్తరు. నేను ఆ ఇంటి కోడలిని, అంతా గడపలో నిలబడి చూసినదాన్ని. జరిగింది జరిగినట్టు చెబుతాను. కోపం లేకుండా చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు.

మాది అడవి అంచున పెరిగిన పట్నం. నాకు పెళ్ళైన కొత్తలో బస్టాండు దాటితే జీడిమామిడి తోటలే ఉండేవి. ఇప్పుడు ఆ తోటలన్నీ ప్లాట్లయ్యాయి. మణుగూరు గనుల్లో ఉద్యోగం చేసేవాళ్ళు, అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటలున్నవాళ్ళు, టీచర్లు, పిల్లల చదువులకని వచ్చి ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. కట్టినవాళ్ళంతా గుట్ట వైపు, ఎత్తు మీద కట్టుకున్నారు. మా వీధి పల్లంలో ఉంది. వీధి దాటితే వాగు, వాగు దాటితే అడవి, అడవిలో కోయ గూడేలు.

మా ఆయన ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టు డ్రైవరు. పొద్దున్నే బస్సెక్కి పోతాడు, చీకటి పడ్డాక వస్తాడు. నేను ముందు గదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మా మామయ్య ఇల్లందు బాయిలో పనిచేసేవాడు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. మా ఆయన చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే ఆయన ఆ బాయిలో పోయాడు. ఎట్లా పోయాడో మా అత్తమ్మ ఏనాడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఆమె మాట తక్కువ మనిషి. పొద్దంతా వాకిట్లో కూర్చుని ఆకుకూర తుంచుతూ, వచ్చేపోయేవాళ్ళను చూస్తూ ఉంటుంది.

అంతకుముందు మా దగ్గర ప్రతి ఇంటికీ ఒక సెప్టిక్ ట్యాంకు, వీధి పక్కన తెరిచి ఉన్న మోరీ. దోమలుండేవి, వాసన ఉండేది. అయితే ఎవరి మురికి వాళ్ళ ఇంటి ముందే ఉండేది. ఊరు పెరిగిందని, ఇక ఇట్లా కుదరదని, అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ వేస్తున్నామని ఆటోలో మైకు పెట్టి చెప్పారు. ఎండాకాలంలో జేసీబీలు వచ్చి వీధులన్నీ తవ్విపోశాయి. గడప నుంచి రోడ్డు దాకా చెక్కలు వేసుకుని నడిచాం. ఎర్రదుమ్ము నా మిషను మీద, గుడ్డల మీద, తినే అన్నంలో. ఒక్కరూ విసుక్కోలేదు. మా ఇంటి చాంబరును పైపుకు కలిపిన రోజు మా ఆయన సెప్టిక్ ట్యాంకును తన చేతులతోనే మట్టి పోసి పూడ్చాడు, పైన బండలు పరిచాడు.

"ఇగ దీని బాధ తప్పింది" అన్నాడు చేతులు దులుపుకుంటూ.

ఊరి పైపులన్నీ వచ్చి చేరేది మా వీధి చివర, వాగు ఒడ్డున కట్టిన ప్లాంటుకు. మురికినీళ్ళన్నీ అక్కడ శుభ్రమై, తేటపడ్డ నీళ్ళు మాత్రమే వాగులో కలవాలి. గోడలు లేచాయి, పెద్ద పెద్ద తొట్లు కట్టారు, నీలం రంగు గేటు పెట్టారు. మోటార్లు రాలేదు. కరెంటు రాలేదు. అయినా ఒక రోజు షామియానా వేశారు, రిబ్బను కత్తిరించారు, మాకు మైసూర్‌పాకు పంచారు. ఆ తర్వాత గుట్ట మీది కాలనీలన్నిటినీ వరుసపెట్టి పైపుకు కలిపేశారు.

నడవని ప్లాంటుకు ఊరినంతా కలిపారు. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ నా పళ్ళు బిగుసుకుంటాయి. కింద మూసుకున్న గొట్టంలో పైనుంచి పోస్తూ పోతే ఏమవుతుందో తెలియడానికి ఇంజినీరు చదువు అక్కర్లేదు. కుళాయి కింద బిందె పెట్టి మరిచిపోయిన ఎవరికైనా తెలుసు.

తొలకరి వానలు పడ్డాయి. ఒక పొద్దున నేను జాకెట్‌కు హెమ్మింగు చేస్తుంటే బయట బుడబుడమని చప్పుడైంది. తొంగి చూస్తే మా ఇంటి ముందున్న మ్యాన్‌హోల్ మూత ఊగుతోంది. చూస్తుండగానే అది ఒక పక్కకు ఒరిగింది. ఇక ఊరంతా మా వాకిట్లోకి వచ్చింది. ఇంతకంటే వివరంగా చెప్పను. చదివేవాళ్ళు అన్నం తినాలి.

ఆ రోజు నుంచి మా వీధి బతుకు అదే. పొద్దున ఊరు నిద్రలేచి స్నానాలు చేసే వేళకు పొంగుతుంది, మధ్యాహ్నానికి కొంచెం తగ్గుతుంది, సాయంత్రం మళ్ళీ పొంగుతుంది. గడపకు ఇసుక బస్తాలు అడ్డం పెట్టుకున్నాం. ఎదురింట్లో బాలింత. ఆమెను, పసిగుడ్డును ఆమె తల్లి, నేను వదినా అని పిలిచే ఆమె, రోజంతా మేడ మీదే ఉంచేది. మా బోరు నీళ్ళు పసుపు తిరిగాయి. నాకైతే పని పోయింది. ఒక పెళ్ళికూతురు మగ్గం వర్కు చేయించిన జాకెట్ కుట్టడానికిచ్చింది. తీసుకోవడానికి వచ్చి, మడత విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుంది. పక్కనున్న తల్లి మొహం చూసింది. ఆ తల్లి, "ఉతికితే పోతది లే బిడ్డా" అంది. మగ్గం వర్కు జాకెట్‌ను ఎవరుతుకుతారు? నేను తల వంచుకుని నిలబడ్డాను. నా కుట్టులో తప్పుంటే తల వంచుకున్నా బాధ లేదు. ఎవరి ఇంట్లోనో ఎవరో తిప్పిన కుళాయికి నేను తల వంచుకోవాల్సి వచ్చింది.

మునిసిపల్ ఆఫీసుకు పోయాం. మొదట ఒక్కదాన్నే పోయాను, తర్వాత ఎదురింటి వదినతో కలిసి పోయాను. పోయిన ప్రతిసారీ ఇంజినీరు సారు ఫోను చూస్తూనే మాట్లాడేవాడు.

"పైపులైను పర్ఫెక్టుగ ఉందమ్మా. చెక్ చేసినం. మీ గల్లీ పల్లంల ఉంది గదా, వానకాలం గట్లనే ఉంటది."

"మేం పల్లంల ఉన్నమని మీకు ఇయ్యాల్నే తెలిసిందా సార్? పైపు వేసేటప్పుడు తెల్వదా?"

"అది డిజైనోళ్ళను అడగాలె."

"డిజైనోళ్ళు ఏడుంటరు?"

"హైదరాబాద్‌ల ఉంటరు."

మోటార్ల సంగతి అడిగితే కాంట్రాక్టరు పేరు చెప్పాడు. కాంట్రాక్టరు మనిషిని అడిగితే కరెంటు వాళ్ళ పేరు చెప్పాడు. కరెంటు వాళ్ళేమో మునిసిపాలిటీ దగ్గరికి పొమ్మన్నారు. తిరిగి తిరిగి మా చెప్పులు అరిగాయి గానీ, ఒక్కరంటే ఒక్కరు వచ్చి మా గడప ముందు నిలబడలేదు.

చివరికి ఒక మధ్యాహ్నం కాంట్రాక్టరు సూపర్‌వైజరు బైకు మీద వచ్చాడు. వెనకాల ట్రాలీ ఆటోలో ఇద్దరు కూలీలు. ఒక తాడు, రెండు బకెట్లు, ఒక గడ్డపార దించారు. వీధి వీధంతా బయటికి వచ్చింది. దేవుడి ఊరేగింపు వచ్చినంత సంబరం. ఎదురింటి వదిన కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కూలీల్లో ఒకతను ముప్పై దాటినవాడు, బక్కగా ఉన్నాడు. చొక్కా విప్పి గోడ మీద పెట్టాడు, లుంగీ ఎగ్గట్టాడు, తాడు నడుముకు చుట్టుకోసాగాడు.

మా అత్తమ్మ లేచింది. తాను కూర్చున్న పీటను చేత్తో పట్టుకుని, ఆ మురికిలోంచే నడుచుకుంటూ పోయి, తెరిచిన మ్యాన్‌హోల్ అంచున పీట వేసుకుని కూర్చుంది. కాళ్ళు రెండూ ఆ కన్నానికి అడ్డంగా చాపింది.

"పెద్దమ్మా, లెవ్వు. పని చెయ్యాలె" అన్నాడు సూపర్‌వైజరు.

"ఏం పని?"

"లోపలికి దిగి బాగు చేస్తడు."

"మనిషిని దింపుతవా దీంట్లకు?"

"ఎన్నోసార్లు దిగినోడే. ఏం గాదు."

"ఏం గాకపోతే నువ్వు దిగు."

ఎవరో నవ్వారు. సూపర్‌వైజరుకు మండింది. తాడు కట్టుకున్న కూలీకి ఇంకా మండింది.

"అవ్వా, నీకు దండం పెడత, నా పని చెడగొట్టకు. దిగితేనే నాకు కూలి. నువ్విస్తవా?"

"గా సారు బూట్లు గూడ ఇప్పలేదు కొడుకా. నువ్వెందుకు బట్టలిప్పినవ్?" అందామె. తర్వాత అతని చేతిలో ఉన్నదాన్ని చూసింది. "గడ్డపార ఎందుకు?"

"లోపల గోడ ఉందంట. పలగ్గొట్టాలె."

నేను గడప దిగి ముందుకు వచ్చాను.

"ఏం గోడ?" అని అడిగాను.

సూపర్‌వైజరు అటూ ఇటూ చూశాడు. నేను మళ్ళీ అడిగాను. అప్పుడు నోరు విప్పాడు. ప్లాంటు పని జరిగేటప్పుడు మురుగు అటు రాకుండా పైపుకు అడ్డంగా ఇటుకగోడ కట్టారట. పని అయ్యాక తీసేయాలట. ఓపెనింగు తొందరలో తీయలేదట. ఇప్పుడు గుర్తొచ్చిందట.

పైపులైను పర్ఫెక్టుగా ఉందన్న ఆ ఇంజినీరు మొహం నా కళ్ళ ముందు కదిలింది. మేము బురద ఎత్తిపోసుకున్న పొద్దులన్నీ, ఆ పెళ్ళికూతురు ముక్కు దగ్గర పెట్టుకున్న జాకెట్టు, మేడ మీది పసిబిడ్డ, అన్నిటికీ అడ్డం ఒక ఇటుకగోడ. వాళ్ళే కట్టి, వాళ్ళే మరిచిన గోడ. దాన్ని ఇప్పుడు ఒక బక్క మనిషి, ఊరి మురుగంతా వెనక నుంచి తోసుకుంటూ ఉండగా, మెడలోతు నీళ్ళలో నిలబడి గడ్డపారతో పొడవాలి.

నేను ఇదంతా ఆలోచిస్తుండగానే వీధిలో కేకలు మొదలయ్యాయి.

"గోడనో గీడనో, పలగ్గొట్టనియ్యి అవ్వా! మా బతుకులు గిట్లనే ఉండాల్నా?" అని అరిచింది ఎదురింటి వదిన. "నా మనుమరాలికి వారం సంది జరం. నీకేం, నీ ఇంట్ల పసిపిల్లలు లేరు!"

"ముసలమ్మను పక్కకు జరుపుండ్రి" అన్నాడు ఇంకెవరో.

నేను అత్తమ్మ దగ్గరికి పోయాను. "లెవ్వండి అత్తమ్మా. అందరు చూస్తున్నరు" అన్నాను. నిజం చెప్పాలంటే నాకూ ఆ పీడ వదిలితే చాలనిపించింది. ఆమె నా వైపు చూడలేదు. ఆ కన్నంలోకి చూస్తూ, ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పింది.

"మీ మామ బాయిల పనికని దిగలేదు బిడ్డా. దిగినోన్ని చూద్దామని తొంగి చూసిండు. ఆడు కింద పడిపోయి ఉంటె, పిలుద్దామని రెండు మెట్లు దిగిండు. అంతే. పైకి తెచ్చినంక చూసిన, ఒంటి మీద గీత లేదు. పండుకున్నట్టే ఉన్నడు. గాలే పాడైంది, మనిషి మంచిగనే ఉన్నడు అన్నరు. మనిషి మంచిగున్నడంట!"

ఇన్నేళ్ళలో ఆ మాట నేను వినడం అదే మొదలు. నేను ఆమె పక్కనే నిలబడిపోయాను. కూర్చోలేదు. ఆమెను లేపనూ లేదు.

సూపర్‌వైజరు ఫోనులో ఎవరితోనో మాట్లాడాడు. "వీధోళ్ళే పని చెయ్యనిస్తలేరు సార్" అని గట్టిగా, అందరికీ వినబడేలా చెప్పాడు. కూలీ తాడు విప్పి నేలకేసి కొట్టాడు. చొక్కా భుజం మీద వేసుకుని పోతూ, "నీ పున్యాన ఇయ్యాల పస్తు" అన్నాడు మా అత్తమ్మతో.

ఆ సాయంత్రం మళ్ళీ పొంగింది. ఎవరో ఆ మురుగును బకెట్టుతో తెచ్చి మా గేటు మీద కుమ్మరించి పోయారు. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, వాసన చూసి, సంగతి విని, గేటు కడిగాడు. అన్నం తింటూ, "అమ్మ చెప్పిందా నీకు?" అని నన్నడిగాడు. చెప్పిందన్నాను. "నాకు చెప్పలే" అన్నాడు. అంతే, చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు వీధిలో నాతో ఎవరూ మాట్లాడలేదు. నీళ్ళ ట్యాంకరు దగ్గర నా బిందెను వెనక్కి జరిపారు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. ఆ తర్వాత అనిపించింది: గోడ కట్టి మరిచినవాళ్ళు ఫ్యాను కింద కూర్చున్నారు, మేమేమో బిందెల దగ్గర కొట్టుకుంటున్నాం. ఈ ఆలోచన వచ్చాక ఇంట్లో నిలవలేకపోయాను. తెలిసిన ఆటో అతన్ని పిలిచి, నా కుట్టుమిషను ఎక్కించాను. కుట్టాల్సిన గుడ్డల మూట ఎక్కించాను. అత్తమ్మ ఎక్కడికని అడగకుండానే వచ్చి పక్కన కూర్చుంది.

మునిసిపల్ ఆఫీసు వరండాలో, లోపలికి పోయే తలుపు పక్కన, మిషను వేసుకుని కూర్చున్నాను. అటెండరు పరిగెత్తుకొచ్చాడు.

"ఏందమ్మా ఇది? ఇక్కడ పెట్టొద్దు."

"నా ఇంట్ల కూసునేటట్టు లేదు. మీ దగ్గర మంచిగ గాలొస్తది. ఇక్కడ్నే కుట్టుకుంట."

ఎర్ర జాకెట్టొకటి తీసి మొదలుపెట్టాను. మా గుడ్డల మూట విప్పగానే ఆ వాసన వరండా అంతా పాకింది. పన్ను కట్టడానికి వచ్చినవాళ్ళు, సర్టిఫికెట్లకు వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుని అడిగారు. అడిగిన ప్రతి ఒక్కరికీ గోడ సంగతి చెప్పాను. నోరు నొప్పిపుట్టేదాకా చెప్పాను. ఎవరో ఫోనులో వీడియో తీశారు. నా దగ్గర జాకెట్లిచ్చిన ఆడవాళ్ళు ఇద్దరు అక్కడికే వచ్చి కొలత చూసుకున్నారు. ఇంజినీరు సారు బయటికి వచ్చాడు. ఈసారి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"గిట్ల డ్రామా చేస్తే పని అయితదా అమ్మా?"

"ఇన్ని రోజులు చెయ్యకపోతే అయిందా సార్?"

"నిన్న మనుషుల్ని పంపితే మీ అత్తగారే ఆపింది గదా."

మా అత్తమ్మ తలెత్తింది. "అవ్, ఆపిన. మిషను తెచ్చుకో. మనిషిని తేకు" అంది.

కమిషనరు పిలిపించాడు, కేసు పెడతానన్నాడు. పెట్టండి, స్టేషనుకు కూడా మిషనుతోనే వస్తానన్నాను. నాకు అంత నోరుందని నాకే తెలియదు. మధ్యాహ్నం దాటాక ఎదురింటి వదిన వచ్చి వరండా మెట్ల మీద కూర్చుంది. నాతో మాట్లాడలేదు, కూర్చుంది. ఆమె వెనక వీధిలోంచి ఇంకొంతమంది ఆడవాళ్ళు వచ్చారు. ఆఫీసు తలుపులు వేసేదాకా ఉన్నాం. మర్నాడు కూడా పోయాం.

ఆ తర్వాత ఖమ్మం నుంచి పెద్ద బండ్లు వచ్చాయి. ఇన్నాళ్ళూ ఒక్కరూ ఊసెత్తని బండ్లు. ఒకటి పైనుంచి మురుగును పీల్చింది, ఇంకొకటి జేసీబీ. ప్లాంటు వైపు నుంచి నేల తవ్వి, పైపు పైభాగం కోసి, జేసీబీ పొడుగాటి ముక్కుతో గోడను పొడిచింది. లోపల మనిషి లేడు. ఇటుకలు విరగగానే మిగిలిన నీళ్ళు ఎట్లా దూకాయంటే, అంత బరువు బండి కూడా ఒక్కసారి ఊగింది. ఒడ్డున నిలబడ్డవాళ్ళంతా వెనక్కి ఉరికారు.

ఆ బక్క కూలీ కూడా అక్కడే ఉన్నాడు, గొట్టం పట్టుకునే పనికి వచ్చినట్టున్నాడు. చూశాడు. పోయి ట్యాంకరు కుళాయి కింద మొహం కడుక్కున్నాడు. మా అత్తమ్మతో ఒక్క మాట మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడాలి? ఒక రోజు పస్తున్నది అతను. అతన్ని ఆ కన్నం దగ్గరికి తెచ్చినవాళ్ళు ఆ రోజూ తిన్నారు, ఈ రోజూ తిన్నారు. సూపర్‌వైజరు మాత్రం మూత పెట్టిన మ్యాన్‌హోల్ పక్కన నిలబడి ఫోటో దిగి, ఎవరికో పంపాడు.

వీధి ఆరింది. బ్లీచింగు చల్లుకున్నాం. బాలింత కిందికి దిగింది. నా బిందెను ఎవరూ వెనక్కి జరపడం లేదు. కథ ఇక్కడ ముగిసిందంటే బాగుండేది.

గోడ పగిలింది కానీ ప్లాంటుకు మోటార్లు రాలేదు. మరి ఊరి మురుగు ఎటు పోతోంది? ప్లాంటు పక్కనుంచి ఒక కాలువ తవ్వి, తిన్నగా వాగులోకి వదిలారు. తాత్కాలికమట.

ఎండలు ముదిరాక వాగవతలి గూడెం నుంచి ఒకామె నా దగ్గరికి వచ్చింది. ఏటా వస్తుంది, పెళ్ళిళ్ళ ముందు నాలుగైదు జాకెట్లు కుట్టించుకుపోతుంది. వచ్చేటప్పుడు చింతపండో, ఇప్పపువ్వో తెస్తుంది. ఆసారి ఏమీ తేలేదు. ఒక ప్లాస్టిక్ సీసా తెచ్చి నా మిషను మీద పెట్టింది. లోపల నల్లటి నీళ్ళు.

"మా చెలిమె నీళ్ళక్కా" అంది.

ఎండాకాలం వాగు ఎండితే వాళ్ళు ఇసుకలో గుంట తవ్వుకుంటారు. అందులో ఊరిన నీళ్ళే చెలిమె నీళ్ళు. వంటకూ తాగడానికీ అవే.

"ఇసుకల ఎంత లోతుకు తవ్విన గిట్లనే వస్తన్నయి. పిల్లలకు వాంతులు. మీ ఊరి నీళ్ళు మా వాగుల ఇడిసిండ్రా అక్కా?"

మిషను తొక్కుతున్న నా కాళ్ళు ఆగిపోయాయి. "అవ్" అన్నాను.

ఆమెను వెంటబెట్టుకుని మళ్ళీ ఆఫీసుకు పోదామని వీధిలో ఇల్లిల్లూ పిలిచాను. మా అత్తమ్మ చెప్పులు వేసుకుంది. ఎదురింటి వదిన మనుమరాలికి పాలు పట్టిస్తోంది. "మనకైతే తప్పింది గద వదినా. ఇగ ఊకో" అంది మెల్లగా. తలుపు దగ్గరికి వేసుకుంది. మిగతావాళ్ళు ఎండ ఎక్కువగా ఉందన్నారు.

మేం ముగ్గురమే పోయాం. ఇంజినీరు సారు నన్ను చూడగానే గుర్తుపట్టాడు, కుర్చీ కూడా చూపించాడు. సీసా బల్ల మీద పెట్టి సంగతి చెప్పాను. ఆయన దాన్ని ముట్టుకోలేదు.

"మీ గల్లీ బాగైంది గదమ్మా" అన్నాడు, నిజంగానే అర్థం కాక. "ఇంకా ఏంది?"

గూడెం ఆమె నా వైపు చూసింది. నేను ఆ చూపించిన కుర్చీలో కూర్చున్నాను.

"మోటార్లు ఎప్పుడొస్తయో చెప్పేదాక లెవ్వ సార్" అన్నాను.